గొట్టం లోపల ఏముంది మేడం?

అల్లూరు టీచర్:

అందరికీ నమస్కారం. నెల్లూరు జిల్లా అల్లూరు వైపు ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. పదిహేడేళ్ళ సర్వీసు. తొమ్మిదో తరగతి పిల్ల అడిగిన ఒక ప్రశ్నకి జవాబు దొరక్క ఇక్కడికొచ్చాను.

మొన్న శనివారం ఆఖరి పీరియడ్‌లో గురుత్వాకర్షణ పాఠం ముందే అయిపోయింది. ఇంకా ఇరవై నిమిషాలుంది. వెనక బెంచీ పిల్లాడొకడు లేచి, "మేడం, ఫోన్లో చూశాను. లోకంలో మొత్తం పది డైమెన్షన్లంట, నిజమేనా?" అన్నాడు. అది స్ట్రింగ్ థియరీలో మాట, కణాలన్నీ అతి సన్నటి తీగల కంపనాలే అనే సిద్ధాంతం. దాని గురించి నాకు తెలిసింది కొంచెమే. అందరూ చెప్పే పైపు ఉదాహరణ గుర్తుంది. బడి తోటకి నీళ్ళు పెట్టే ఆకుపచ్చ పైపుని కుళాయి దగ్గర్నుంచి వేపచెట్టు దాకా పరిపించి, పిల్లల్ని మేడ మీది వరండాలోకి తీసుకెళ్ళాను. "ఇక్కణ్ణుంచి ఎట్లా కనిపిస్తోంది?" అంటే "గీత మాదిరి ఉంది మేడం" అన్నారు. మళ్ళీ కిందికి తీసుకొచ్చి పైపు పక్కన కూర్చోబెట్టాను. అదృష్టానికి దాని మీద నిజంగానే ఒక గండుచీమ ఉంది. పైపు వెంబడి పోతోంది, మధ్యలో పైపు చుట్టూ కూడా తిరుగుతోంది. "చూశారా, దూరాన్నుంచి ఒక్క దిక్కే, దగ్గరికొస్తే రెండు. ఆ రెండోది చిన్నగా చుట్టుకుపోయింది కాబట్టి పైనుంచి కనపడలా. మిగతా ఆరు డైమెన్షన్లూ అంతే" అని చెప్పాను. పిల్లలకి అర్థమైంది. నాకూ అర్థమైందనే అనుకున్నాను.

అప్పుడు మూడో బెంచీ పిల్ల మాట్లాడింది. పట్టపుపాలెం నుంచి వస్తుంది, వాళ్ళ నాన్న చేపల వేటకి పోతాడు. మామూలుగా నోరు విప్పదు. చీమ వైపే చూస్తా, "చీమ పైపు మీద తిరగతా ఉంది, సరే మేడం. పైపు లోపల ఏముంది?" అంది. పక్కవాళ్ళు "నీళ్ళు" అని నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. "నీళ్ళు కాదు మేడం. మనం కూడా అట్లా చుట్టుకున్నదాని మీదే ఉంటే, ఆ చుట్ట లోపల ఏముంటది?"

బెల్లు కొట్టారు. సోమవారం చెప్తానన్నాను.

ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన. లోపల ఏదో ఉందంటే అది ఇంకో డైమెన్షన్ అవుతుంది, అప్పుడు మొత్తం పది కాదు, పదకొండవుతాయి. లోపల ఏమీ లేదంటే, మరి దేని చుట్టూ చుట్టుకుంది? తెలుగులో దొరికిన వ్యాసాలు చదివాను. "అతి సూక్ష్మంగా చుట్టుకుపోయి ఉన్నాయి" అన్న వాక్యం దగ్గర అన్నీ ఆగిపోతున్నాయి. నాకు అడ్డం పడుతున్నది ఆ "చుట్టుకుపోయి" అన్న మాటే.

ఇంకోటి. బ్రేన్ల గురించీ చదివాను. మన లోకమంతా ఒక పొర మీద అతుక్కుని ఉండొచ్చు, ఆ పొర బయట వేరే చోటు ఉంది అంటున్నారు. ఆ పిల్ల అక్కడ కూడా అడుగుతుంది: గొట్టానికి లోపల లేదన్నవాళ్ళు పొరకి బయట ఉందని ఎట్లా అంటారు మేడం? అని.

పుస్తకంలో ఉండే జవాబు వద్దు. సోమవారం ఆ పిల్ల కళ్ళలోకి చూసి చెప్పగలిగింది కావాలి.

కందుకూరు లెక్కలు:

మేడం, చిన్న మాట. ఒక చాప తీసుకోండి. నేల మీద పరిచి దాని మీద సుద్దతో త్రిభుజం గీయండి. మూడు కోణాలూ కలిపితే 180 డిగ్రీలు. ఇప్పుడు చాపని చుట్టండి. త్రిభుజం భుజాల పొడవు మారిందా? లేదు. కోణాలు మారాయా? లేదు. చాప మీదే పుట్టి చాప మీదే బతికే చీమ ఎన్ని కొలతలు తీసుకున్నా చాప వంగిందని కనిపెట్టలేదు. అదే కుండ మీద త్రిభుజం గీస్తే కోణాల మొత్తం 180 దాటుతుంది, అది చీమకి తెలిసిపోతుంది. ఉపరితలం లోపలి కొలతలతోనే వంపు తెలుస్తుందని 1827లో గౌస్ నిరూపించాడు. దాని ప్రకారం చుట్టిన చాప వంపు సున్నా. చాప "వంగింది" అనేది బయట నిలబడి చూసే మన మాట. చీమకి తెలిసేది ఒక్కటే: ఇటు తిన్నగా పోతే మళ్ళీ బయల్దేరిన చోటికే వస్తున్నానని.

మిగతాది ఫిజిక్స్ వాళ్ళు చెప్పాలి.

మైపాడు గుంట:

టీచరమ్మా, ముందు ఆ పిల్లకి నా దండం. నేను చెన్నైలో ఒక సంస్థలో ఇదే సబ్జెక్టు మీద ఐదేళ్ళు కూర్చున్నాను. ఈ ప్రశ్న నాకు మూడో ఏడాదిలో గానీ తట్టలేదు. ఇప్పుడు ఇందుకూరుపేట దగ్గర మా నాన్న రొయ్యల గుంటలు నేనే చూసుకుంటున్నాను. రాత్రి రెండు గంటలప్పుడు ఏరియేటర్లు (గుంట నీళ్ళలో గాలి కలిపే మోటార్లు) ఆగకుండా కాపలా కాస్తూ ఇది రాస్తున్నా, పొడవైతే ఏమనుకోవద్దు.

పైపుని పక్కన పెట్టండి. బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీసి స్టేషన్ల పేర్లు రాయండి: కావలి, బిట్రగుంట, కోడవలూరు, పడుగుపాడు, నెల్లూరు. ఇప్పుడు ప్రతి స్టేషన్ పైన నిలువుగా ఏడు గడులు గీసి ఆదివారం నుంచి శనివారం దాకా రాయండి. ఈ లోకంలో "నువ్వెక్కడున్నావు?" అంటే రెండు మాటలు చెప్పాలి: బిట్రగుంట, బుధవారం. స్టేషన్ మారకుండా వారం మారొచ్చు, వారం మారకుండా స్టేషన్ మారొచ్చు. కాబట్టి ఇది రెండు డైమెన్షన్ల లోకం. స్టేషన్ల దిక్కు పొడుగ్గా పోతుంది. వారాల దిక్కులో మాత్రం శనివారం దాటితే మళ్ళీ ఆదివారమే.

ఇప్పుడు ఆ పిల్లని మీరే అడగండి: వారాలు గుండ్రంగా తిరుగుతున్నాయి కదా, ఆ గుండ్రం మధ్యలో ఏముంది? బుధవారానికీ ఆదివారానికీ నడుమ అడ్డదారి ఏమైనా ఉందా? లేదు. "మధ్యలో" అన్న మాటకి అక్కడ చోటే లేదు. ఏడు వారాలున్నాయి, ఏ వారం పక్కన ఏ వారం ఉందో తెలుసు, అంతే సంగతి. మన సంవత్సరాల పేర్లూ అంతే, ప్రభవతో మొదలై అరవయ్యోది అక్షయ, మళ్ళీ ప్రభవ. అరవయ్యేళ్ళు దేని చుట్టూ తిరుగుతున్నాయని ఏ పంచాంగం అయ్యవారినీ ఎవరూ అడగరు.

స్ట్రింగ్ థియరీలో డైమెన్షన్ "చుట్టుకుంది" అంటే ఈ అర్థంలోనే. మన గదిలో ప్రతి చుక్క దగ్గరా, ప్రతి స్టేషన్ మీదా ఏడు వారాలున్నట్టు, ఇంకొన్ని దిక్కులున్నాయి. అటు పోతే బయల్దేరిన చోటికే వస్తాం. పైపుకి లోపల ఎందుకుందంటే దాన్ని మనం మూడు డైమెన్షన్ల తోటలో పరిచాం కాబట్టి. ఆ లోపలి చోటు తోటది. ఉదాహరణ కోసం తెచ్చిన తోటని ఉదాహరణ అయ్యాక తీసెయ్యాలి. మనం తీసెయ్యకుండా మర్చిపోయాం, ఆ పిల్ల మర్చిపోలేదు.

ఈ ఆలోచన స్ట్రింగ్స్ కంటే చాలా పాతది. కోనిగ్స్‌బర్గ్‌లో ఉండే థియోడార్ కలూజా 1919లో ఐన్‌స్టీన్‌కి ఒక ఉత్తరం రాశాడు. ఐన్‌స్టీన్ గురుత్వ సమీకరణాల్ని కాలంతో కలిపి నాలుగు డైమెన్షన్లకి బదులు ఐదింటిలో రాస్తే ఏమవుతుంది? నాలుగింటిలో గురుత్వానికి పది సంఖ్యలు కావాలి. ఐదింటిలో పదిహేను. అందులో పది మామూలు గురుత్వం, నాలుగు అచ్చంగా మాక్స్‌వెల్ విద్యుదయస్కాంతత్వం, ఒకటి ఆ ఐదో దిక్కు చుట్టుకున్న వలయం సైజు. కాంతి సమీకరణాలు అడక్కుండానే వచ్చి చేతిలో పడ్డాయి! ఈ లెక్క మొదటిసారి సొంతంగా చేసిన రోజు నేను రాత్రి అన్నానికి కూడా పోలేదు. కలూజా పేపరు 1921లో అచ్చయింది. 1926లో ఆస్కార్ క్లైన్ ఆ ఐదో దిక్కుని చిన్న వలయమన్నాడు. వలయం మీద అల నిలవాలంటే దాని తల తోకని అందుకోవాలి. ఒక అల పడుతుంది, రెండు పడతాయి, ఒకటిన్నర పట్టదు. ఆ లెక్కే విద్యుదావేశం ముక్కలు ముక్కలుగా ఎందుకుందో చెప్పింది. అయితే ఎలక్ట్రాన్ బరువు లెక్క మాత్రం కుదరలేదు, కోటానుకోట్ల రెట్లు ఎక్కువ వచ్చింది. ఆ కథ అక్కడ చాలాకాలం ఆగింది.

మనకి ఆ దిక్కు ఎందుకు తెలియదు అన్నదానికీ జవాబు ఆ అలలోనే ఉంది. వలయం ఎంత చిన్నదైతే దానిలో ఒక్క అల నిలపడానికి అంత శక్తి కావాలి. వ్యాసార్ధం 10⁻¹⁸ మీటర్లు అనుకుంటే ఒక్క అలకి సుమారు 200 ప్రోటాన్ల బరువంత శక్తి. అంత ఖర్చు పెట్టనిదే అటు కదల్లేం. "చిన్నది కాబట్టి కంటికి ఆనదు" అనేది సగం జవాబు. అటు అడుగు వెయ్యడానికే ఖరీదెక్కువ, అది మిగతా సగం.

ఇక సూపర్‌స్ట్రింగ్‌కి మొత్తం పది డైమెన్షన్లు కావాలి, కాలంతో కలిపి. నాలుగు మనవి. మిగిలిన ఆరింటికి ఒక్కో వలయం చొప్పున ఆరు వలయాలు పెట్టొచ్చు, కానీ అందులోంచి మన లోకం లాంటిది రాదు. 1985లో క్యాండెలాస్, హొరోవిట్జ్, స్ట్రామింజర్, విటెన్ నలుగురూ కలిసి కలాబి-యావ్ అనే ఆకారాలు సరిపోతాయని చూపించారు. ఆ ఆకారం రంధ్రాల లెక్కని బట్టి ఎలక్ట్రాన్ లాంటి కణాలు ఎన్ని తరాలుగా వస్తాయో తేలుతుంది. మన లోకంలో మూడు తరాలు: ఎలక్ట్రాన్, దానిలాంటివే అయినా బరువెక్కువైన మ్యువాన్, టౌ. అన్నిట్లోకీ సులువైన ఆకారంలో మూడుకి బదులు వంద వస్తాయి. మూడు ఇచ్చే ఆకారాలు కూడా ఉన్నాయి.

ఆ వంద ఇచ్చే ఆకారం గురించి ఒక్కటి చెప్పకుండా ఉండలేను. ఐదు చరరాశుల ఐదో ఘాతపు సమీకరణం అది. దాని మీద సరళరేఖలు ఎన్ని పడతాయి? 2,875. ఇది 19వ శతాబ్దంలోనే తెలుసు. రెండో ఘాతపు వక్రాలు 6,09,250. మూడో ఘాతానివి ఎన్నో అప్పటికి ఎవరికీ తెలియదు. 1991లో క్యాండెలాస్, మరో ముగ్గురు ఫిజిక్స్ వాళ్ళు ఒక చిత్రమైన దారిలో పోయారు. రెండు వేర్వేరు కలాబి-యావ్ ఆకారాలు స్ట్రింగ్‌కి ఒకే లోకంగా కనిపించొచ్చు. ఒకదాని మీద కష్టమైన లెక్క రెండోదాని మీద తేలికవుతుంది. అట్లా లెక్కేసి 31,72,06,375 అన్నారు. అదే సమయంలో నార్వేలో ఎలింగ్‌స్రుడ్, స్ట్రోమ్ అనే ఇద్దరు గణితజ్ఞులు కంప్యూటర్ ప్రోగ్రాం రాసి నేరుగా లెక్కపెట్టారు. వాళ్ళకి 268,25,49,425 వచ్చింది. ఫిజిక్స్ వాళ్ళది ఊహ, గణితం వాళ్ళది నిరూపణ. ఎవరిది తప్పని అనుకుంటాం? కొన్నాళ్ళకి ఆ ఇద్దరూ తమ ప్రోగ్రాంలోనే తప్పు దొరికిందని, దిద్దితే 31,72,06,375 వచ్చిందని ప్రకటించారు. తప్పు తమదని లోకానికి చెప్పిన వాళ్ళంటే నాకు చాలా గౌరవం.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, పొర బయట.

మా ఇంటి వెనక మంచినీళ్ళ గుంట ఒకటుంది. దాని మీద కాళ్ళు చాపుకుని జారిపోయే సన్నటి పురుగులుంటాయి, మీరూ చూసుంటారు. మునగవు. వాటికి లోకమంటే నీళ్ళ పైచర్మమే. వానచుక్క పడితే లేచే అల ఆ చర్మం మీదే పోతుంది, పురుగుకి అదే వెలుతురు. కానీ గట్టు మీది మోటారు చప్పుడు చర్మం మీద ఆగదు, నీళ్ళ అడుగుకి కూడా పోతుంది. అన్ని దిక్కులకీ పంచుకుపోతుంది కాబట్టి పురుగు వాటాకి వచ్చేది తక్కువ.

బ్రేన్ కూడా అంతే. స్ట్రింగ్స్ రెండు రకాలు: రెండు కొసలున్నవి, కొసలు కలిసిపోయి ఉంగరంలా ఉన్నవి. కొసలున్నవాటి కొసలు బ్రేన్‌ని వదిలి పోలేవు. కాంతి ఆ రకం. గురుత్వం ఉంగరం రకం, దానికి పట్టుకునే కొసే లేదు కాబట్టి అన్ని దిక్కులకీ పోతుంది. ఇవి ఉన్నాయని 1989లోనే తెలిసినా, లెక్కలో వీటి స్థానమేమిటో 1995లో పోల్చిన్‌స్కీ చెప్పాక గానీ అందరూ వీటి వెంట పడలేదు.

మరి గొట్టానికి లోపల లేదన్నవాళ్ళం పొరకి బయట ఉందని ఎట్లా అంటున్నాం? ఏ దిక్కు ఉందో ఏది లేదో బొమ్మ చెప్పదు టీచరమ్మా, లెక్క చెప్తుంది. పది డైమెన్షన్లని ముందే లెక్కపెట్టుకున్నాం. బ్రేన్ ఆ పదిలో కొన్నింటిని మాత్రమే ఆక్రమిస్తుంది, మిగిలినవి దాని "బయట". అవి పదిలో ఉన్నవే. గొట్టం "లోపల" మాత్రం ఆ పదిలో లేదు, బొమ్మ గీయడానికి మనం పక్కనుంచి తెచ్చుకున్నది. ఆ పిల్లకి ఈ తేడా ఒక్కటి చెప్పండి చాలు.

పిల్లల చేత చేయించగలిగింది ఒకటి చెప్పి ముగిస్తా. చదరపు కాగితం ఒకటి తీసుకోండి. కుడి అంచు దాటితే ఎడమ అంచులోంచి, పై అంచు దాటితే కింది అంచులోంచి వస్తామని నియమం పెట్టండి. అంటే రెండు దిక్కులూ వారాల్లాంటివే. దాని నడిమధ్యన అడ్డంగా ఒక గీత. ఇది ఒక బ్రేన్. రెండోది కింద ఎడమ మూల నుంచి నిటారుగా ఎక్కే గీత, అడ్డంగా ఒక చుట్టు పోయేలోపు నిలువుగా మూడు చుట్లు తిరగాలి. పై అంచుని తగిలినప్పుడల్లా కింద అదే చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. రెండు గీతలు ఎన్నిచోట్ల కోసుకున్నాయో లెక్కపెట్టమనండి. మూడు. బ్రేన్లు కోసుకున్న ప్రతి చోటా ఒక కణం పుడుతుంది. కోతలు మూడైతే కణం మూడు తరాలుగా వస్తుంది. అసలు నమూనాల్లో ఇలాంటి కాగితాలు మూడుంటాయి, మూడింటి కోతల్నీ గుణిస్తారు. సూత్రం మాత్రం ఇదే.

ఏరియేటర్ ఒకటి ఆగినట్టుంది, పోయి చూడాలి.

పడుగుపాడు డిగ్రీ:

అన్నా, ఒక సందేహం. బ్రేన్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటే ఏమవుతుంది? ఎక్కడో చదివాను, అర్థం కాలేదు.

మైపాడు గుంట:

తమ్ముడూ, మోటారు సరిచేసి వచ్చా. ఒకే బ్రేన్ ఉంటే స్ట్రింగ్ రెండు కొసలూ దాని మీదే, ఒక్క రకం. రెండు ఉంటే మొదటి కొస రెండింటిలో దేని మీదైనా, రెండో కొస కూడా అంతే, నాలుగు రకాలు. మూడుంటే తొమ్మిది. ఆ తొమ్మిదిలో ఒకటి విడిగా పోతుంది, మిగిలింది ఎనిమిది. ప్రోటాన్ లోపల క్వార్కుల్ని బిగించి ఉంచే గ్లుయాన్లు సరిగ్గా ఎనిమిది రకాలు. ఇప్పుడు ఒక బ్రేన్‌ని మిగతావాటి నుంచి కొంచెం దూరం జరిపితే వాటి నడుమ స్ట్రింగ్ సాగుతుంది, సాగిందంటే శక్తి, శక్తంటే బరువు. అట్లాంటి కణానికి మనం బరువు అనుకునేది అక్కడ రెండు పొరల మధ్య దూరమన్నమాట.

ఒంగోలు మాజీ లెక్చరర్:

అందరికీ నమస్కారం. నేను ఒంగోల్లో ఇంటర్, డిగ్రీ పిల్లలకి ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. పైన రాసినవి బాగున్నాయి. కానీ అమ్మా, పిల్లలకి చెప్పేటప్పుడు ఒక మాట వదలొద్దు. ఇవన్నీ ఉన్నాయని ఇంతవరకూ ఏ ప్రయోగమూ చూపలేదు. ఆ మాట చెప్పకుండా పది డైమెన్షన్లు నేర్పితే అది సైన్స్ పాఠం కాదని నా అభిప్రాయం.

అట్లాగని వెతకలేదని కాదు. ఎంత శ్రద్ధగా వెతికారో చెప్తే పిల్లలకి ఇంకా నచ్చుతుంది. గురుత్వం దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుందని మీరు బోర్డు మీద రాస్తారు కదా. అందులో ఆ 2 ఎక్కణ్ణుంచి వచ్చింది? మనకి మూడు దిక్కులున్నాయి, మూడులో ఒకటి తీస్తే రెండు. బలం గోళం ఉపరితలం మీద పంచుకుపోతుంది, అందుకని. ఇంకో రెండు దిక్కులుంటే, వాటి సైజు కంటే దగ్గరి దూరాల్లో అది నాలుగో ఘాతం కావాలి. 1998లో అర్కానీ-హమేద్, డిమోపౌలోస్, ద్వాలీ అనే ముగ్గురు ఒక మాటన్నారు. మనం బ్రేన్‌కి అతుక్కుని ఉండి, గురుత్వం ఒక్కటే బయటికి పోతుంటే, ఆ రెండు దిక్కులు మిల్లీమీటరు దాకా పెద్దవిగా ఉన్నా ఇంతకాలం మనకి తెలిసి ఉండదని. అప్పటికి అంత దగ్గర్లో గురుత్వాన్ని ఎవరూ సరిగా కొలవలేదు మరి! ఒకే ఒక్క అదనపు దిక్కయితే అది సూర్యుడికీ భూమికీ మధ్య ఉన్న దూరమంత పెద్దది కావాలి. గ్రహాల కదలికలు చూస్తే అది కుదరదని తెలుస్తుంది.

అప్పుడు సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు మెలితిరిగే తీగకి రంధ్రాల పళ్ళెం వేలాడదీసి, దాని కింద ఇంకో పళ్ళెం తిప్పుతూ కొలిచారు. 1798లో కావెండిష్ చేసిన ప్రయోగానికి మునిమనవడు లాంటిది. 2020 నాటికి 52 మైక్రోమీటర్ల దాకా న్యూటన్ సూత్రం చెక్కుచెదరలేదు. తలవెంట్రుక మందం కంటే తక్కువ. మిల్లీమీటరు ఆశ అక్కడితో పోయింది. జెనీవా దగ్గర ప్రోటాన్లని ఢీకొట్టించే పెద్ద యంత్రం ఎల్‌హెచ్‌సీలో కూడా అదనపు దిక్కుల జాడ దొరకలేదు.

నేను నా పిల్లలకి ఇట్లా చెప్పేవాణ్ణి: కాగితం మందంలో సగం దూరంలో గురుత్వాన్ని కొలవడానికి కొందరు ఏళ్ళ తరబడి కూర్చున్నారు, "లేదు" అని చెప్పడానికి. ఆ "లేదు"కి కూడా అంత విలువుంది.

మైపాడు గుంట:

సార్, మీరన్నది అక్షరాలా నిజం. నేను రాయకపోవడం నా పొరపాటు. టీచరమ్మా, సార్ మాట ముందు చెప్పి, తర్వాత వారాల బొమ్మ గీయండి.

అల్లూరు టీచర్:

అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు చెప్పి వచ్చాను. కొంచెం వివరంగా రాస్తాను.

ముందు లెక్చరర్ గారి మాట చెప్పాను. "ఇది ఇంకా ఎవరూ కళ్ళతో చూడలేదు, లెక్కలో ఉంది" అన్నాను. తర్వాత స్టేషన్లు, వారాలు. పిల్లలు బోర్డు దగ్గరికొచ్చి వాళ్ళే గడులు నింపారు. "వారాల మధ్యలో ఏముంది?" అని నేను అడగ్గానే క్లాసంతా నిశ్శబ్దం. ఆ పిల్ల ఒక్క నిమిషం ఆగి, "మధ్య లేదు మేడం. పక్కన ఉండేదే ఉంది" అంది. నేను ఇంతకంటే బాగా చెప్పలేను.

కాగితం ఆట మధ్యాహ్నం ఆడించాను. స్కేలు పెట్టి గీసినవాళ్ళకి మూడు కోతలు వచ్చాయి, చేత్తో గీసిన ఒకడికి నాలుగు వచ్చాయి. నాలుగు చుట్లు తిప్పాడని వాడే కనుక్కున్నాడు. ఆ పిల్ల సొంతంగా రెండు చుట్ల గీతకీ ఐదు చుట్ల గీతకీ గీసి, "ఎన్ని చుట్లు తిప్పితే అన్ని కోతలు మేడం" అని చూపించింది. అడ్డగీతని కూడా ఏటవాలు చేస్తే ఏమవుతుందో రేపు చూస్తానంది.

బడి వదిలాక గేటు దగ్గర ఆగి ఇంకోటి అడిగింది. "వారాలు ఏడే అని మనం పెట్టుకున్నాం మేడం. ఆ దిక్కు సైజు ఇంతే ఉండాలని ఎవరు పెట్టారు? పెద్దది కాకుండా దాన్ని ఏది పట్టుకొని ఉంది?" మైపాడు గుంట గారూ, దీనికి?

మైపాడు గుంట:

టీచరమ్మా, ఆ ప్రశ్నకి ఈ సబ్జెక్టులో ఇరవై ఏళ్ళు పట్టింది, ఇంకా పడుతోంది.

పైన కలూజా పదిహేను సంఖ్యల్లో ఆఖరిది వలయం సైజు అన్నాను కదా. దాన్ని పట్టుకునేది లేకపోతే అది చోటు చోటుకీ మారుతుంది, దానివల్ల కొత్త బలం ఒకటి పుడుతుంది. అలాంటి బలం మనకి కనపడలేదు. కలాబి-యావ్ ఆకారాలకైతే అలాంటి సైజులూ వంపులూ వందల్లో ఉండొచ్చు, అన్నిటినీ పట్టి నిలపాలి. గుంట గట్టు ఎట్లా నిలుస్తుంది? లోపలి నీళ్ళు బయటికి తోస్తాయి, మట్టి లోపలికి ఆనుతుంది, రెండూ సరిపోయిన చోట ఆగుతుంది. ఇక్కడ కూడా ఆకారం రంధ్రాల గుండా అయస్కాంత రేఖల్లాంటివి పోనిచ్చి కొన్ని వంపుల్ని బిగిస్తారు, మిగిలిన సైజుని బ్రేన్ల మీద పుట్టే సన్నటి క్వాంటం బలాలతో నిలుపుతారు. 2003లో కచ్రు, కల్లోష్, లిండే, ముంబయి టాటా సంస్థలోని సందీప్ త్రివేది కలిసి దీనికి ఒక పద్ధతి రాశారు. నేను చెన్నైలో ఉన్న ఐదేళ్ళూ ఆ పేపరు నా బల్ల మీదే ఉంది. చిక్కేమిటంటే అట్లా బిగించడానికి దారి ఒక్కటి కాదు. ఒకటి పక్కన ఐదు వందల సున్నాలు పెడితే వచ్చేంత సంఖ్యలో ఉన్నాయని అంచనా. అందులో మనది ఏది, ఎందుకు అన్నది ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఆ పద్ధతి పూర్తిగా సరైనదేనా అన్న వాదన కూడా ఇప్పటికీ ఆగలేదు.

ఏటవాలు గీతల సంగతి ఆ పిల్లకి చెప్పొద్దు, తననే కనుక్కోనివ్వండి. ఒక గీత అడ్డం చుట్లని రెండోదాని నిలువు చుట్లతో గుణించి, రెండోదాని అడ్డాన్ని మొదటిదాని నిలువుతో గుణించి తీసేస్తే కోతలు వస్తాయి. తొమ్మిదో తరగతికి అందే లెక్కే.

గురువారం రొయ్యల పట్టుబడి ఉంది. అది అయిపోతే శనివారం ఖాళీ. హెడ్‌మాస్టర్ గారు ఒప్పుకుంటే ఆఖరి పీరియడ్‌కి నేను బడికి వస్తాను. చదరపు కాగితాలు నేనే తెస్తా, స్కేళ్ళు పిల్లల్ని తెచ్చుకోమనండి.